పాటరీ యార్డు రోజులు

1950ల్లో, 60ల్లో ఏ తవ్వకాల క్యాంపుకి వెళ్ళినా ముందు కంటపడేది పాటరీ యార్డు. ట్రెంచ్‌లు, అంటే తవ్వకపు గుంటలు, పాత ఊరి దిబ్బ మీదో దిబ్బ వెనకో ఉండేవి, అంచుదాకా నడిస్తే గానీ కనిపించేవి కావు. యార్డు మాత్రం గుడారాల పక్కనే. చదును చేసి ఊడ్చిన నేల మీద ఇటుక ముక్కలతోనో సున్నపు గీతలతోనో గళ్ళు వేసి, ఒక్కో గడిలో ఒక్కో పొర తాలూకు కుండపెంకులు పరిచి ఉండేవి. ఒక ట్రెంచ్‌కి ఒక వరుస, ఒక పొరకి ఒక గడి. గడి తలాపున మేకుకి గుచ్చిన లేబుల్. గాలికి ఆ లేబుల్ ఎగిరిపోయిందా, గడిలో పెంకులన్నీ అనాథలే. ఏ పొరవో తెలియని పెంకుని ఎంత అందంగా ఉన్నా పక్కన పడేయడమే.

పెంకులు కడగడం చూడ్డానికి తేలికపాటి పని, చెడగొట్టడానికి ఇంకా తేలిక. రెండు తొట్లు ఉండేవి, ఒకదాంట్లో నానబెట్టి రెండోదాంట్లో రుద్ది కడిగేవారు. గట్టిగా కాలిన ఎరుపు పెంకులు, నలుపు-ఎరుపు పెంకులు బ్రష్షుకి తట్టుకుంటాయి. సరిగ్గా కాలని ముతక పెంకుని పొద్దున నానబెట్టి మరిచిపోతే సాయంత్రానికి తొట్టి అడుగున బురద మిగులుతుంది. తెల్లగీతలున్న పెంకుల్ని, అక్షరాలు గీసినట్టు అనుమానమున్న వాటిని వేళ్ళతో మాత్రమే తడమాలి. అందుకే ఏ పెంకునైనా నీళ్ళలో వేసే ముందు వెలుతురుకి అడ్డంగా పట్టి ఒకసారి చూడమనేవారు. సముద్రతీరపు దిబ్బల్లో ఉప్పు ఇంకో తలనొప్పి. నీళ్ళు నాలుగైదు సార్లు మార్చకపోతే ఆరిన తర్వాత ఉప్పు గడ్డకట్టి పైపూతని పొరలు పొరలుగా లేపేస్తుంది.

కడిగినవి నీడనే ఆరాలి, లోపలిదాకా ఆరాలి. తడి ఉండగానే రాస్తే సిరా పాకుతుంది. ఇండియన్ ఇంకు, సన్నటి పాళీ, పెంకు లోపలివైపు చిన్న అక్షరాలు. ఊరి పేరుకి పొట్టి గుర్తు, ట్రెంచ్ అంకె, పొర అంకె. విరిగిన అంచు మీద మాత్రం రాయకూడదు, రేపు ఆ అంచుకే జత ముక్క అతకాల్సి రావచ్చు. సిరా ఆరాక దాని మీద పలచగా వార్నిష్. నల్లటి పెంకులకి తెల్ల సిరా. ఆ తర్వాత ఏరివేత. మూతి అంచులు, అడుగులు, బొమ్మలూ గీతలూ ఉన్నవి సంచుల్లోకి, మామూలు పొట్ట ముక్కలు రకాలవారీగా లెక్కపెట్టి బయటికి. అలా బయటపడేసిన కుప్పలు చాలా దిబ్బల పక్కన పేరుకుపోయాయి. పాత్ర గోడలో ఇంకిన నూనెల్ని ల్యాబులో గుర్తుపట్టే కాలం వస్తుందని అప్పుడు ఎవరూ అనుకోలేదు.

ఈ పద్ధతంతా మన దేశానికి మార్టిమర్ వీలర్‌తో వచ్చింది. 1944లో పురావస్తు సర్వేకి డైరెక్టర్ జనరల్‌గా వచ్చీరాగానే ఆయన చేసిన మొదటి పనుల్లో ఒకటి తక్షశిలలో తవ్వకపు బడి పెట్టడం. 1945లో అరికమేడు, 1946లో హరప్పా, 1947లో మన రాయదుర్గానికి దగ్గర్లో ఉన్న బ్రహ్మగిరి. తర్వాతి ముప్ఫై ఏళ్ళు దేశంలో తవ్వకాలు నడిపినవాళ్ళలో చాలామంది ఆ శిక్షణలో తయారైనవాళ్ళో, వాళ్ళ శిష్యులో. వీలర్ ఫోర్‌మాన్ల మీద సైనికాధికారిలా అరిచేవాడని అంటారు. నిజానికి ఆయన సైన్యం నుంచి నేరుగా ఈ ఉద్యోగంలోకి వచ్చినవాడే.

అంతకుముందు మొహెంజొదారోలోనూ తక్షశిలలోనూ లోతుని బట్టి లెక్క నడిచింది. నేల మట్టం నుంచి ఇన్ని అడుగుల కింద దొరికిందంటే ఇంత పాతది అని. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఊరి దిబ్బ సిమెంటు గచ్చు కాదు. ఒకవైపు వాలుతుంది, ఇంకోవైపు ఎవరో గాదె గుంట తవ్వుతారు, మరొకరు చెత్త గుంట తవ్వుతారు. ఆరడుగుల లోతున్న చెత్త గుంటలో అడుగున పడిన గాజు పూస గుంట తవ్వినవాళ్ళ కాలంది. దాని పక్కనే అదే లోతులో ఉన్న పెంకు అయిదొందల ఏళ్ళ ముందుది కావచ్చు. లోతు లెక్కలో రెండూ ఒకే ఈడువి అవుతాయి. వీలర్ పట్టుబట్టింది ఇక్కడే. ముందు పొర, ఆ తర్వాతే లోతు. గుంట ఏ పొర నుంచి కిందికి దిగిందో, దాని మూతిని ఏ పొర మూసిందో తేల్చనిదే గుంటలోని మట్టిని తాకకూడదు.

ట్రెంచ్ వేయడం పెగ్గులతో మొదలవుతుంది. మీటర్లు రాకముందు అడుగుల లెక్క, చదరాల మధ్య తవ్వకుండా వదిలే గట్టు మందం మూడడుగులు. మీటర్లు వచ్చాక 10 మీటర్ల చదరం, దాన్ని నాలుగు పావులు చేసుకోవడం వాడుకైంది. మూల మట్టం సరిచూడ్డానికి 3-4-5 కొలతల త్రిభుజపు తాడు, ఆపైన కర్ణం కొలత. 10 మీటర్ల చదరానికి 14.14, 5 మీటర్లదానికి 7.07. రెండు కర్ణాలూ కలవకపోతే పెగ్గు తీసి మళ్ళీ కొట్టాల్సిందే. అక్కడ రెండు వేళ్ళ తేడాని వదిలేస్తే పది చదరాల అవతల అది మూరెడు అవుతుంది, అప్పుడు ఒక గోడ రెండు ప్లానుల్లో రెండు చోట్ల కనిపిస్తుంది. చెక్క పెగ్గుకి తల మీద చిన్న మేకు దిగగొట్టేవారు, కొలత దాని నుంచే. పశువులు తొక్కి పెగ్గు కదిలిపోవడం ప్రతి సీజన్‌లోనూ ఉండే బాధ, అందుకే దూరంగా రాతి మీదో సిమెంటు దిమ్మ మీదో ఒక స్థిరమైన గుర్తు పెట్టుకుని, ఏ అనుమానం వచ్చినా అక్కడి నుంచి, ఎత్తుపల్లాలు చూసే డంపీ లెవెల్‌తో మళ్ళీ చూసుకునేవారు.

మట్టి పోసే చోటు ముందే ఎంచుకోవాలి. గంపలు మోసేవాళ్ళకి దూరమని ట్రెంచ్ అంచునే పోస్తే వచ్చే ఏడాది తవ్వాల్సిన చోటు ఆ గుట్ట కిందే ఉంటుంది. గాలివాటం చూడకుండా పోస్తే దుమ్మంతా తిరిగి సెక్షన్ గోడ మీదికే, అంటే పొరలు కనిపించే ట్రెంచ్ నిలువు కోత మీదికే. మొదటి వారం ఎవరూ పట్టించుకోరు, నాలుగో వారానికి అందరూ తిట్టుకుంటారు.

గట్టు మీద ఎవరూ నడవకూడదు అన్నది మొదటి రోజు చెప్పే మాట, ఆఖరి రోజు దాకా చెబుతూనే ఉండే మాట. గట్టు మిగిలి ఉన్నంతవరకే సెక్షన్ గోడ ఉంటుంది, ఆ గోడ మీదే పొరల చరిత్ర చదవాలి. వడ్డెర కూలీలకి ఇది కొత్తగా తోచేది కాదు. చెరువు పనుల్లో, కాలువ పనుల్లో లోతు కొలతకని మధ్యలో మట్టి దిమ్మ వదిలేయడం వాళ్ళకి అలవాటే. కొత్తగా తోచింది కూలి లెక్క. ఘనపు అడుగుల లెక్కన డబ్బిస్తే ఎవరైనా పలుగుతో పొరలన్నీ ఏకం చేసేస్తారు, అందుకని ఇక్కడ రోజు కూలి. గడ్డపలుగు పై మట్టి వరకే. పొర కనపడ్డాక చిన్న పికాసి, చేత్తో పట్టే తాపీ, ఎముకల దగ్గర వెదురు పుల్ల, బ్రష్షు. తాపీతో ముందుకి నెట్టడం లేదు, మన వైపుకి గీకడమే. పొర రంగు మారితే గీకుడు చప్పుడు కూడా మారుతుంది. గట్టి నేల మీద ఇనుము కీచుమంటుంది, గుంటలోని వదులు మట్టిలో మెత్తగా దిగిపోతుంది. మంచి కూలీ కంటికన్నా ముందు చేత్తోనే గుంటని పట్టేసేవాడు.

ఈ చేతి నైపుణ్యం ఊళ్ళకి ఊళ్ళనే నిలబెట్టిన చోట్లున్నాయి. ఈజిప్టులో పురావస్తువేత్త ఫ్లిండర్స్ పెట్రీ 1893-94లో కిఫ్త్ అనే ఊళ్ళో కూలీలకి పని నేర్పాడు. తర్వాత తరతరాలుగా కిఫ్తీలే ఆ దేశపు తవ్వకాల్లో మేస్త్రీలు. ఇరాక్‌లో అషూర్ దగ్గర 1903 నుంచి 1914 దాకా జర్మన్లు తవ్వినప్పుడు షెర్కాత్ ఊరివాళ్ళు పచ్చి ఇటుక గోడల్ని వెతకడం నేర్చారు. పచ్చి ఇటుక గోడ కూలితే ఆ మట్టే చుట్టూ పేరుకుంటుంది, గోడా మట్టే, కుప్పా మట్టే. తడి ఆరేటప్పుడు ఇటుకకీ దాని మధ్య అతుకుకీ ఉండే కొద్ది తేడాని పట్టుకుని, ఇటుక ముఖం దగ్గర మట్టి ఊడి వచ్చే తీరు చూసుకుంటూ పోవాలి. పెట్రీకి ఇంకో అలవాటు, దొరికిన వస్తువుకి దాని బజారు ధరకి దగ్గరగా బహుమానం ఇచ్చేవాడు. దొంగ వ్యాపారికి అమ్మే అవసరం లేకుండా చేయడానికి. మంచి ఉపాయమే, కానీ పక్క దిబ్బ నుంచి తెచ్చి ఇక్కడ దొరికిందనే ప్రమాదమూ అందులోనే ఉంది.

చిన్న వస్తువు దొరికితే మూడు కొలతలు. పెగ్గుల వరుస వెంట ఎంత దూరం, అక్కడి నుంచి లోపలికి ఎంత, కిందికి ఎంత. లోతు కొలవడానికి పెగ్గు నుంచి పురికొస లాగి, రసమట్టంతో చూసి, దారానికి వేలాడదీసిన లోహపు గుండు నిలిచాక టేపు చదివేవారు. పురికొస తడిస్తే బిగుస్తుంది, ఎండితే వేలాడుతుంది. మధ్యలో అంగుళం కుంగిన పురికొసతో కొలిచిన లోతులన్నీ ఒకే వైపు తప్పుతాయి. అన్నీ ఒకే వైపు తప్పడం వల్ల ఎవరికీ అనుమానం రాదు. తర్వాత కవరు మీద ఊరు, ట్రెంచ్, పొర, మూడు కొలతలు, తేదీ, సూపర్‌వైజర్ పొడి సంతకం. సంచికి రెండు లేబుళ్ళు, ఒకటి లోపల, ఒకటి బయట, రెండూ పెన్సిల్‌తోనే. గోదాంలో చెదలు పట్టినా వాన కారినా పెన్సిల్ రాత మిగిలేది, సిరా రాత నీలం మరకయ్యేది.

సెక్షన్ గోడ గీయడం ఇద్దరి పని. ఒకరు గోడ దగ్గర అంకెలు చెప్పడం, ఒకరు గ్రాఫ్ కాగితం మీద చుక్కలు పెట్టడం. ముందు రోజు సాయంత్రం గోడని పైనుంచి కిందికి తాపీతో సన్నగా చెక్కేవారు. ఎండిపోయి రంగులు తెలియకపోతే నోటితోనో పిచికారీతోనో నీళ్ళు చిమ్మేవారు. తడిసిన పది నిమిషాల్లో బూడిద పొర, ఇటుక పొడి, నది ఒండ్రు వేటికవి విడిపోయి కనిపిస్తాయి, ఆ లోపే కత్తి మొనతో గీతలు గీయాలి. ఒక పొర ఎక్కడ ఆగిందో తేలక ఇద్దరు సూపర్‌వైజర్లు పూట పూటంతా వాదించుకోవడం మామూలే. వాదన తేలకపోతే గీత తెగ్గొట్టి చుక్కలుగా గీసే మర్యాద ఉండేది. అచ్చైన నివేదికల్లో ఆ చుక్కల గీతలు కనిపిస్తే గీసినవాళ్ళ మీద నమ్మకం పెరుగుతుంది. అన్నీ నిండు గీతలే ఉన్న సెక్షన్‌ని కాస్త అనుమానంగా చూడాలి.

ఫోటో తెల్లవారుజామున. ఎండ ట్రెంచ్ అడుగుకి దిగితే ఒక సగం తెల్లగా, ఒక సగం నల్లగా పడి ఏదీ తెలియదు. అంతకుముందు గంటసేపు శుభ్రం. మూలలు పదునుగా, గట్టు మీద గడ్డి కోసి, అడుగున పాదాల గుర్తులు తుడిచి, వెనక్కి వెనక్కి ఊడ్చుకుంటూ బయటికి. ఎరుపు-తెలుపు కొలకర్ర గోడకి సమాంతరంగా నిలబెట్టాలి. ఎవరో ఒకరు టోపీనో చెప్పునో మరిచిపోయి ప్లేటు పాడైన సందర్భాలు ప్రతి క్యాంపులోనూ కథలుగా తిరిగేవి.

ఇంత చాదస్తం ఎందుకో అరికమేడు చెబుతుంది. పుదుచ్చేరి పక్కన ఆ ఊళ్ళో ఇటలీలోని అరెజ్జోలో తయారైన ఎర్రటి మెరుపు పాత్రల ముక్కలు దొరికాయి. కొన్నింటి మీద కుమ్మరుల ముద్రలు. ఆ పాత్రల తయారీ క్రీ.శ. 50 ప్రాంతానికి ఆగిపోయిందని ఐరోపాలో ముందే తేలింది. దక్షిణ భారతంలో తేదీ తెలిసిన మొదటి పొర అలా దొరికింది. ఆ పొరల్లోనే లోపలివైపు చుక్కల వలయాలున్న రౌలెటెడ్ పళ్ళేలూ ఉన్నాయి. అవే పళ్ళేల ముక్కలు బ్రహ్మగిరి పై పొరల్లో వచ్చాయి. ఆ పై పొరలకే వీలర్ ఆంధ్ర సంస్కృతి అని పేరు పెట్టాడు. వాటి కింద రాకాసి గుళ్ళ (పెద్ద రాళ్ళ సమాధుల) కాలం, ఇంకా కింద రాతి గొడ్డళ్ళ కాలం. ఇటలీ పెంకు ఒక్కటి అరికమేడులో సరైన పొరలో దొరకడం వల్ల చిత్రదుర్గం జిల్లాలోని బ్రహ్మగిరి దిబ్బకి తేదీలు వచ్చాయి. అది గుంటలోంచి జారిన పెంకు అయి ఉంటే ఆ గొలుసంతా తెగేది. 1989-92 మధ్య విమలా బెగ్లీ బృందం అరికమేడుని మళ్ళీ తవ్వింది. ఇప్పుడు రౌలెటెడ్ పళ్ళేల మొదలు క్రీస్తుకి ముందుకే జరిగింది, వీలర్ తేదీలు కొన్ని వెనక్కి జరిగాయి. దిద్దుబాటు సాధ్యమైంది కూడా ఆయన పొరలవారీగా రాసిపెట్టి ఉండడం వల్లనే.

రాసిపెట్టకపోతే ఏమవుతుందో అమరావతి చెబుతుంది. 1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త ఊరు కడుతూ ఇటుకలకీ రాళ్ళకీ స్తూపపు దిబ్బని తవ్వించాడు. కాలిన్ మెకంజీ వచ్చి బొమ్మలు గీయించాడు, 1845లో వాల్టర్ ఎలియట్ పలకలు తీయించాడు, 1877లో రాబర్ట్ సూయల్ కొంత పద్ధతిగా తవ్వాడు. 1880లో మద్రాసు గవర్నర్ ఆజ్ఞతో మొత్తం చోటంతా తోడేశారు. శిల్పాలు చెన్నైలోనూ లండన్‌లోనూ భద్రంగా ఉన్నాయి. చాలా పలకలు ప్రాకారంలో ఏ దిక్కున నిలబడేవో ఇప్పుడు ఊహించాల్సిందే. వస్తువు మిగిలింది, చోటు పోయింది.

నాగార్జునకొండ ఈ రెండింటి మధ్య కథ. 1926లో వెలుగులోకి వచ్చింది, 1927-31 మధ్య లాంగ్‌హర్స్ట్, 1938-40లో టి.ఎన్. రామచంద్రన్ తవ్వారు. అక్కడి పెద్ద స్తూపం మహాచైత్యం చక్రం ఆకారంలో కట్టింది, నడిమి ఇరుసు, ఆకులు, అంచు అన్నీ ఇటుకే, మధ్య గదుల్లో మట్టి. అడ్డకొలత 106 అడుగులు. ఇటుక ఒక్కోటి 20 అంగుళాల పొడవు, 10 వెడల్పు, 3 మందం. ఇలాంటి కట్టడంలో ఒక గదిని ఖాళీ చేసి పక్కదాన్ని నిండుగా వదిలితే మధ్య గోడ ఖాళీ వైపుకి ఒరుగుతుంది, మట్టితో పేర్చిన ఇటుకలకి పట్టు తక్కువ. ఎదురెదురు గదుల్ని సమంగా దించుకుంటూ రావాలి. ధాతువు దొరికింది నడిమధ్యన కాదు, ఉత్తరం వైపు గదుల్లో ఒకదానిలో. చిన్న బంగారు భరిణెలో ఎముక ముక్క, దాన్ని పెట్టిన వెండి పేటిక రెండున్నర అంగుళాల స్తూపం ఆకారం.

1954 వచ్చేసరికి లెక్క మారింది. నాగార్జునసాగర్ ఆనకట్ట వస్తోంది, మరుసటి ఏడాది 1955 డిసెంబరు 10న దానికి శంకుస్థాపన కూడా జరిగింది. తవ్వేవాళ్ళకి గడువు ముందే ఖాయమైంది. ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో 1960 దాకా లోయ మొత్తం జల్లెడ పట్టారు. పాతరాతి యుగపు పనిముట్లు, కొత్తరాతి యుగపు గుంట ఇళ్ళు, రాకాసి గుళ్ళు, ఇక్ష్వాకుల కాలపు విహారాలు, గుళ్ళు, మెట్ల రంగస్థలం, స్నానఘట్టాలు. ఇటువంటి చోట వీలర్ నిలువు ట్రెంచ్ సరిపోదు, అడ్డంగా విప్పుకుంటూ పోవాలి. ఇటుకలు జనం పట్టుకుపోయిన చోట గోడ ఉండదు, గోడ తవ్వేసిన కందకం ఉంటుంది. దానిలో విరిగిన ముక్కలు, సున్నం, వదులు మట్టి. తొందరలో దాన్ని ఇంకో గుంట అనుకుని తోడేస్తే విహారం ప్లానులో ఒక గది తప్పిపోతుంది. తొందర ఉన్న తవ్వకంలో సగం నైపుణ్యం, లేని గోడని చూడగలగడమే.

అంతా అయ్యాక కొండ మీదా, జలాశయం ఒడ్డున ఉన్న అనుపు దగ్గరా తొమ్మిది కట్టడాల్ని విప్పి తిరిగి కట్టారు, పద్నాలుగింటికి నమూనాలు నిలబెట్టారు. 1966లో కొండ మీద మ్యూజియం తెరుచుకుంది. నివేదిక మాత్రం అంత త్వరగా రాలేదు. మొదటి సంపుటం 1975లో, చారిత్రక కాలపు సంపుటం 2006లో. తవ్వకం ఆగిన 46 ఏళ్ళకి. మళ్ళీ వెళ్ళి చూసుకునే చోటు నీళ్ళ అడుగున ఉన్నప్పుడు నోట్‌బుక్కులూ సెక్షన్ల కాగితాలూ తప్ప ఆధారం ఇంకేదీ లేదు. లోయని ఆరేళ్ళలో తవ్విన శ్రమకి చేతులెత్తి మొక్కాలి. ప్రచురణకి పట్టిన ఆలస్యాన్ని మాత్రం ఏ గడువూ సమర్థించదు.

అదే కాలంలో, 1957లో, అప్పటి పాలమూరు జిల్లా ఉట్నూరు బూడిద దిబ్బని పురావస్తువేత్త ఆల్చిన్ తవ్వాడు. ఆ బూడిద ఎక్కడిదని అంతకుముందు చాలా వాదాలున్నాయి. అక్కడ తేలింది పశువుల దొడ్డి. పేడ పేరుకోవడం, కాలడం, మళ్ళీ కంచె వేయడం, మళ్ళీ కాలడం. కంచె కర్రలు కుళ్ళిపోయినా వాటి గుంతలు నల్లటి గుండ్రటి మచ్చలుగా మిగిలాయి. ఇలాంటి గుంతని ఒక్కసారే తోడకూడదు. సగం తవ్వి, అడ్డుకోత గీసుకుని, తర్వాత మిగతా సగం. లేకపోతే అది కర్ర గుంతో ఎలుక బొరియో చెప్పలేం. బొరియ పక్కకి వంకర తిరుగుతుంది, కర్ర గుంత నిటారుగా దిగి అడుగున మొనదేలుతుంది. ఉట్నూరులో గిట్టల గుర్తులు కూడా పొరల మధ్య ఉన్నాయి. తాపీ ఇంకొంచెం గట్టిగా పడి ఉంటే అవి కనపడేవే కావు.

చెక్క కుళ్ళి ఖాళీ మిగిలితే దాన్నీ వాడుకోవచ్చు. ఇరాక్‌లోని ఊర్ అనే పాత నగరపు రాచ శ్మశానంలో లియొనార్డ్ వూలీ నేలలో కనిపించిన రంధ్రాల్లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోయించాడు. గట్టిపడ్డాక చుట్టూ మట్టి తీస్తే తంత్రీవాద్యం ఆకారం వచ్చింది, చెక్క అప్పటికే లేదు. పొదిగిన ముక్కలు రాలిపోకుండా మైనం కరిగించి పోసి, గుడ్డ అతికించి ఎత్తేవారు. మైనం మరీ వేడిగా ఉంటే లోపలిదాకా ఇంకి తర్వాత తీయడం కష్టం, చల్లబడితే పైనే పొలుసు కడుతుంది.

ఆ రోజుల పద్ధతుల్లో పెద్ద లోటు జల్లెడ. పూసలు అనుమానమున్న పొరలకి తప్ప మట్టిని జల్లించడం అరుదు. నీళ్ళలో మట్టి కలిపి తేలిన కాలిన గింజల్ని వడకట్టే పద్ధతి మన దగ్గర తర్వాత వచ్చింది. జొన్నలు తిన్నారా, కొర్రలు తిన్నారా, ఉలవలు పండించారా అని ఇప్పుడు అడిగే ప్రశ్నలకి జవాబులు ఆ మట్టి గుట్టల్లోకే పోయాయి. చిన్న ఎముకలు, చేప ముళ్ళు కూడా అంతే. బొగ్గు నమూనాకి మాత్రం 1950ల చివరి నుంచి జాగ్రత్త వచ్చింది. చేత్తో ముట్టకుండా తాపీ మొనతో తీసి, వేర్లు ఏరేసి, కాగితంలోనో దూదిలోనో చుట్టకుండా అల్యూమినియం రేకులో. దూదీ కాగితమూ కొత్త కార్బనే.

సీజన్ చివర్న ట్రెంచ్ పూడ్చడం ఎవరికీ ఇష్టం లేని పని, అందుకే తరచు సగం సగంగా జరిగేది. అడుగున ఇసుక పరిచి, ఆ ఏడాది ముద్ర ఉన్న నాణేలు ఒకటి రెండు వేసి, ఆపైన మట్టి పొరలు పొరలుగా దట్టిస్తూ నింపాలి. మళ్ళీ తవ్వేవాళ్ళకి ఎక్కడిదాకా పాత తవ్వకమో ఇసుక చెబుతుంది, ఎప్పటిదో నాణెం చెబుతుంది. మట్టి నేల మట్టానికి జానెడు ఎత్తు పోయాలి, రెండు వానలకి అది దిగుతుంది. సమంగా వదిలేస్తే వానాకాలానికి గుంట, గుంటలో నీళ్ళు, నీళ్ళకి గట్లు జారిపోవడం. సెక్షన్ గోడల్ని రాబోయే తరం కోసం వదిలామనుకుని తెరిచి ఉంచిన ట్రెంచ్‌లు మూడు నాలుగు వానలకే కూలిపోయి, దేనికీ పనికిరాని గోతులుగా మిగిలాయి. పూడ్చినవి మాత్రం, పెగ్గుల గుర్తులు నోట్‌బుక్‌లో ఉన్నంతవరకు, ఎప్పుడైనా తెరుచుకోవచ్చు.